లైనులో మొదటి మనిషి

ఆ వేసవంతా మా ఇంట్లో అందరం నాన్న మోకాళ్ల గురించే మాట్లాడుకున్నాం.

నాన్న స్కూలు బస్సు డ్రైవరు. అంతకు ముందు ఏడు ఒక సాయంత్రం బస్సు తాళాలు మేనేజరు బల్ల మీద పెట్టేసి ఇంటికొచ్చి, "మోకాళ్లు పట్టేస్తున్నాయి, ఇక బ్రేకు తొక్కలేను" అన్నాడు. జీవితమంతా చేసిన పని ఆ ఒక్క మాటతో ముగిసిపోయింది. ఆ మర్నాటి నుంచి వరండాలో కుర్చీ, చేతిలో పేపరు, పక్కన రేడియో. అమ్మది బట్టల షాపులో పని. పొద్దస్తమానం నిలబడి తానులు విప్పడం, మళ్లీ మడతపెట్టడం. ఇంటికి రాగానే చెప్పులు విడుస్తూనే అందుకునేది.

"రోజంతా నిలబడే నా మోకాళ్లు రాళ్లలా ఉన్నాయి. కూర్చునే మీ మోకాళ్లకేం మాయరోగం?"

"నీ మోకాళ్లకి అరిగే తీరికెక్కడిదే?" అని నాన్న నవ్వేసేవాడు. డాక్టరు దగ్గరికి పదండి అంటే, "పోదాం, పోదాం. పిల్లల ఆట ఒక కొలిక్కి రానీ" అనేవాడు.

ఆట అంటే నేనూ తమ్ముడూ వెనకగదిలో తయారుచేస్తున్న కంప్యూటరు ఆట. ప్రోగ్రాము నా వంతు, చప్పుళ్లు వాడి వంతు. పేరు 'చెవిదారి'. దానికి బొమ్మలుండవు. తెర నల్లగానే ఉంటుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కారుతున్న కొళాయినీ, గాలికి కొట్టుకునే కిటికీ రెక్కనీ, గోడ అవతల ఎవరిదో దగ్గునీ ఆనవాలు పట్టుకుంటూ ఒక పెద్ద పాత ఇంట్లోంచి బయటపడాలి. మొదట్లో అన్ని ఆటల్లాగే దానికీ బొమ్మలుండేవి. ఒకరోజు ఉన్నట్టుండి తమ్ముడు, "బొమ్మలన్నీ తీసేద్దామక్కా" అన్నాడు. నెలల తరబడి చేసిన గోడలూ తలుపులూ చెరిపేయమంటే నాకు ప్రాణం ఉసూరుమంది. కొన్నాళ్లు వాడితో మాటలు మానేశాను. తీరా తీసేసి ఆడి చూస్తే వాడన్నదే సరి అనిపించింది.

ప్రతి కొత్త గదినీ మొదట ఆడేది నాన్నే. ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి, పిల్లాడిలా ఆడేవాడు. అమ్మ గుమ్మంలో నుంచుని, "ఇద్దరు చాలరని మూడోవాడు కూడా దొరికాడు నాకు" అనేది.

వేసవి మొదట్లో గేమ్స్ ఎక్స్‌పో వాళ్ల దగ్గర్నుంచి మా ఆట ఎంపికైందని కబురొచ్చింది. దూరంగా ఒక పెద్ద నగరంలో ఏటా జరిగే ఎక్స్‌పో అది. మాలాంటి కొత్తవాళ్లకి తలా ఒక స్టాలిస్తారు. రెండో రోజు మధ్యాహ్నం జడ్జీలు తిరిగి చూసి, నచ్చిన ఆటల్ని పెద్ద స్టేజీ మీదికి పిలుస్తారు. అలా ఒకసారి పిలుపొస్తే చాలు, కంపెనీలే వెతుక్కుంటూ వస్తాయి. నేను అప్పటికే కాల్ సెంటరు ఉద్యోగం మానేసి కూర్చున్నాను. తమ్ముడు చదువయ్యాక ఉద్యోగం మాటే ఎత్తలేదు. అమ్మ ఓపిక అడుగంటింది.

"వెళ్లి రండి ఆ ఆటల సంతకి. ఏదైనా తేలిందా, సంతోషం. తేల్లేదా, వచ్చిన మర్నాడే ఇద్దరూ ఉద్యోగాలు వెతుక్కోవాలి. ఇంట్లో ముగ్గురు కూర్చుంటే ఒక్కదాన్ని లాగలేను."

ముగ్గురు అన్న మాట నాన్నకి తగిలింది. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "పిల్లలతో నేనూ వెళ్తాను" అన్నాడు.

"వద్దు నాన్నా" అన్నాడు తమ్ముడు ఠక్కున. "అక్కడంతా తొక్కిసలాట. నీ మోకాళ్లకి..."

"ఆ ఆటలో సగం నాది. వస్తాను."

తమ్ముడు తింటున్న పళ్లెం ముందునుంచి లేచిపోయాడు. నాకు ఒళ్లు మండింది. వెనకగదిలోకి వెళ్లి, "నాన్నని నలుగురిలోకి తీసుకెళ్లడం నామోషీగా ఉందా నీకు?" అని నిలదీశాను. వాడేదో చెప్పబోయి మింగేశాడు. "నీకు తెలీదులే అక్కా" అని మాత్రం అన్నాడు.

అలా అన్నవాడే రైల్లో నాన్నని అంటిపెట్టుకుని కూర్చున్నాడు. టీ వస్తే కప్పు తీసుకెళ్లి నాన్న చేతిలో పెట్టాడు. దిగేటప్పుడు ముందు తను దిగి, రెండు చేతులూ పట్టుకుని దింపాడు. వీడి వరస ఏమిటో నాకు అంతుపట్టలేదు.

ఎక్స్‌పో అంటే ఏదో పెద్ద ఎగ్జిబిషన్ అనుకున్నాను. విమానాలు పట్టేంత హాళ్లు, ఒకదాని వెనక ఒకటి. గుమ్మంలో అడుగు పెట్టగానే చప్పుడు వచ్చి గుండెల మీద గుద్దింది. మేడలంత ఎత్తు తెరలు, వాటి మీద యుద్ధాలు, పరుగులు, పేలుళ్లు. జనంలో సగం మంది వేషాలు. స్పాంజి కవచాలు, అట్ట కత్తులు, వీపు మీద రెక్కలు, నేల ఊడుస్తున్న తోకలు. ఇన్నాళ్లూ వెనకగదిలో ఇద్దరమే ఏకాకుల్లా కూర్చున్నామనుకున్నానా, ఇక్కడ లోకమంతా మా తోవలోనే ఉంది. నాకు కన్నీళ్లొచ్చినంత పనైంది.

"నాన్నా, ఆ పైన చూడు, ఆ డ్రాగను ఎంతుందో!" అని చెయ్యి చాపాను.

నాన్న తలెత్తి, ఎక్కువ చప్పుడొస్తున్న వైపు చూసి, "అబ్బో" అన్నాడు.

మొదటి రోజు మాకు నరకం. మా పక్క వరసలోనే ఒక పెద్ద కంపెనీ వాళ్ల తుపాకుల ఆట. అక్కడ బాంబు పేలినప్పుడల్లా మా బల్ల అదిరేది. పిల్లి చెవులు పెట్టుకున్న ఒకమ్మాయి కూర్చుని, కాసేపు తంటాలు పడి, హెడ్‌ఫోన్లు తీసేసి, "ఏమీ వినిపించట్లేదండీ, సారీ" అని వెళ్లిపోయింది. తర్వాత వచ్చినవాళ్లదీ అదే మాట. చప్పుడే ప్రాణమైన ఆట, ఈ చప్పుళ్లలో ఎవరికి కావాలి? సాయంత్రానికి నా గొంతు ఎండిపోయింది.

పక్క స్టాల్లో రంగు రంగుల పాచికలు తయారుచేసి అమ్మే ఒకావిడ ఉండేది. మా అవస్థ చూడలేక, "గుడారం కట్టండమ్మా, మందంగా. నేను ఏళ్లుగా వస్తున్నా, ఇక్కడ గోడ లేకపోతే బతకలేం" అంది. మర్నాడు పొద్దున్నే లాడ్జి దుప్పట్లన్నీ మోసుకొచ్చి, బల్ల చుట్టూ కర్రలు కట్టి, రెండేసి పొరలు వేలాడదీశాం. లాడ్జివాడు చూసుంటే మా చర్మం వలిచేవాడు.

అప్పుడు ఆట బతికింది. ఒకతను లోపలికెళ్లి, చాలాసేపటికి బయటికొచ్చి, మెడ తుడుచుకుంటూ, "ఆ దగ్గేవాడు నా వెనకే ఉన్నాడండీ బాబూ" అన్నాడు. అతని స్నేహితులు ఎగబడ్డారు. చూస్తుండగా మా స్టాలు ముందు చిన్న వరస కట్టింది. సరిగ్గా అప్పుడే ఒక హెడ్‌ఫోను కుడివైపు మూగబోయింది. జడ్జీలు వచ్చే వేళ దగ్గరపడుతోంది.

"ఇంకోటి ఎక్కడైనా దొరుకుతుందేమో చూసొస్తా" అని తమ్ముడు లేచాడు. రెండడుగులు వేసి వెనక్కొచ్చి నా భుజం పట్టుకున్నాడు. "నాన్నని వదలకు."

"ఏమైందిరా?"

"వదలకు. అంతే."

నాన్న స్టాలు మూల కుర్చీలో కూర్చుని, వచ్చేపోయేవాళ్ల మాటలు వింటూ హుషారుగా ఉన్నాడు. నేను ఒకరికి మీటలు చూపిస్తూ, ఇంకొకరికి జవాబు చెబుతూ తలమునకలుగా ఉంటే, మెల్లగా లేచొచ్చి, "అమ్మలూ, బాత్‌రూము ఎటు?" అన్నాడు.

నేను తల కూడా తిప్పలేదు. వేలు చూపించాను. "అదిగో, ఆ నీలం బోర్డు పక్కనుంచి వెళ్లు నాన్నా."

"ఆ, కనిపించింది" అన్నాడు నాన్న.

తమ్ముడు తిరిగొచ్చి ఖాళీ కుర్చీ చూశాడు.

"నాన్నేడీ?"

"బాత్‌రూముకెళ్లాడు. దొరికిందా హెడ్‌ఫోను?"

"ఒక్కణ్ణే పంపావా?"

"చిన్నపిల్లాడా ఏంటిరా, చెయ్యి పట్టుకు తీసుకెళ్లడానికి?"

వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో హెడ్‌ఫోన్ల డబ్బా బల్ల మీద పడేశాడు.

"అక్కా, నాన్నకి కళ్లు కనిపించవు."

నాకు అర్థం కాలేదు. విన్నాను గానీ అర్థం కాలేదు. "కనిపించకపోవడమేంట్రా? మొన్న కూడా పేపరు చదివాడు."

"చదవలేదు. పట్టుకున్నాడు."

వాడు గబగబా చెప్పాడు. మొదట పక్కల చూపు పోయిందట. ఒకసారి బస్సు పక్కనే వచ్చిన సైకిలు కనబడక, ఆఖరి క్షణంలో బ్రేకు తొక్కాడట. ఆ సాయంత్రమే తాళాలిచ్చేశాడు. తర్వాత ఎదురుగా ఉన్నది కూడా మసకబారుతూ వచ్చింది. ఒకనాడు గ్లాసు దాటి నీళ్లు వొంపుతుంటే తమ్ముడు పట్టుకున్నాడు. ఎవరికీ చెప్పనని నాన్న వాడి చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇంట్లో ప్రతి గోడా ప్రతి మెట్టూ తెలుసు కాబట్టి నెట్టుకొచ్చాడు.

"చెప్పొద్దంటే చెప్పవా?" అని అరిచాను. ఆ చప్పుళ్లలో నా అరుపు నాకే వినపడలేదు.

నాన్న ఫోను నా బ్యాగులోనే ఉంది, చార్జింగుకి పెట్టమని ఇచ్చాడు. పాచికలావిడ మా మొహాలు చూసి, "వెళ్లండి, స్టాలు నేను చూస్తా" అంది. "జడ్జీలొస్తారండీ" అన్నాను నోరు ఊరుకోక. "వస్తే వస్తారు. నువ్వెళ్లు" అని కసిరింది.

తమ్ముడు ఎడమకీ నేను కుడికీ విడిపోయాం. బాత్‌రూము దగ్గర కాపలా అతను లోపల వెతికొచ్చి లేరన్నాడు. సమాచారం కౌంటరు దగ్గర మైకు ముందున్న అమ్మాయి, "చిన్నపిల్లలు తప్పిపోతేనే చెబుతాం మేడమ్. పెద్దవాళ్లు వాళ్లే వస్తారు కదా" అంది. ఆయనకి కనిపించదండీ అని చెప్పబోయాను. నాన్న గురించి ఆ మాట నా నోటంట ఎన్నడూ రాలేదు. రెండోసారికి గానీ పెగల్లేదు. ఆ అమ్మాయి మైకులో చెప్పింది. పైన బాంబులు పేలుతుంటే ఆ మాట ఎవరికి వినబడింది?

అంతలో పెద్ద స్టేజీ మీదికి ఎవరో పేరున్న ఆటగాడు వచ్చాడు. హాలు హాలంతా ఒక్కసారి కేక పెట్టి అటు పరిగెత్తింది. నన్ను తోసుకుంటూ, తొక్కుకుంటూ, రెక్కలూ కత్తులూ మొహానికి తగిలించుకుంటూ వరదలా పోతున్నారు. నేను ఒక స్తంభాన్ని వాటేసుకున్నాను. కళ్లున్న నాకే ఊపిరాడట్లేదు. నాన్న ఎక్కడో ఈ కాళ్ల కింద పడి ఉంటాడనిపించింది. కిందికే చూస్తూ నడిచాను. నాన్న వేసుకున్న నీలం చొక్కా కోసం నేలంతా వెతికాను.

హాలు చివర, పైఅంతస్తుకెళ్లే మెట్ల దగ్గర జనం పలచబడ్డారు. అక్కడ ఒక పొడుగాటి లైను కనబడింది. ఏ స్టాలూ లేదు, తెరా లేదు, అయినా లైను గోడ పక్కగా పోయి మూల తిరిగింది. ఆ ఎక్స్‌పోలో అంతే, ఎవరైనా ఒకచోట కదలకుండా నిలబడితే వెనక ఇంకొకరు చేరతారు, మంచి ఆటేదో ఉండబట్టే కదా నిలబడ్డారని. చివర్లో ఒక స్పాంజి కవచం వాణ్ణి, "ఇది దేనికి?" అని అడిగాను. "తెలీదండీ. ఇంత లైనుందంటే పెద్దదేదో ఉంటుంది" అన్నాడు.

లైను పక్కనే మొదటికి నడిచాను.

మొదట్లో నాన్న నిలబడి ఉన్నాడు.

మెట్ల కటకటాన్ని రెండు చేతులతో పట్టుకుని, నిటారుగా, బస్సు నడిపేటప్పుడు ఎలా కూర్చునేవాడో అలా నిలబడి ఉన్నాడు. చొక్కా వీపంతా తడిసిపోయింది. వెనకాల కుర్రాడు, "సార్, ఎప్పుడు తెరుస్తారు?" అని అడిగాడు. "తెరుస్తారు బాబూ, తెరుస్తారు. కాస్త ఓపిక పట్టాలి" అన్నాడు నాన్న. దారి తప్పానని ఒక్కరితో అనలేదు. ఒక్కరినీ సాయం అడగలేదు.

నేను వెళ్లి నాన్నకి ఎదురుగా నిలబడ్డాను. చెయ్యి చాపితే అందేంత దగ్గర. నాన్న నా మొహంలోకి చూశాడు. నా మొహంలోంచి అవతలికి చూశాడు. ఎదురుగా ఎవరో వచ్చారని మాత్రం తెలిసినట్టుంది, చిన్నగా నవ్వి, మర్యాదగా అన్నాడు.

"లైను వెనక నుంచి రండీ."



"నాన్నా" అన్నాను.

కటకటం మీద వేళ్లు ఒకసారి బిగుసుకుని వదులయ్యాయి.

"నువ్వా? ఈ జనంలో చూడనేలేదమ్మా నిన్ను."

"అవును నాన్నా. జనం బాగా ఉన్నారు" అన్నాను. "కాళ్లు లాగుతున్నాయి, కాస్త నీ చెయ్యివ్వు, పట్టుకుని నడుస్తా."

చెయ్యిచ్చాడు. చల్లగా ఉంది. మేం కదలగానే వెనకాల కుర్రాడు ఒకడుగు ముందుకేసి కటకటం పట్టుకున్నాడు. లైను అలాగే ఉంది.

దారి పొడుగునా నేను వాగుతూనే ఉన్నాను. ఇక్కడ వైర్లు అడ్డంగా పరిచారు చూడు నాన్నా, బుద్ధుండక్కర్లా. ఇక్కడ రెండు మెట్లెందుకు కట్టారో. ఇదిగో ఎడం పక్కన ఒకడు తోకేసుకుని కూర్చున్నాడు, తొక్కుతామేమో. కొంతదూరం పోయాక నాన్న నా చెయ్యి మెల్లగా నొక్కాడు.

"వాడు చెప్పాడా?"

"ఆ."

"వాణ్ణేమీ అనకు" అన్నాడు.  నేను వాగడం మానేసి, మెట్టొస్తే మెట్టని, మలుపొస్తే మలుపని చెప్పాను.

మేం వచ్చేసరికి జడ్జీలు వచ్చి వెళ్లిపోయారు. పాచికలావిడే వాళ్లలో ఒకాయన్ని దుప్పట్ల లోపల కూర్చోబెట్టిందట. ఏది నొక్కాలో ఆవిడకీ సరిగ్గా తెలీక, ఆయన మొదటి గదిలోనే తిరిగి తిరిగి లేచిపోయాడట. "ఆయన్ని ఆపలేకపోయానమ్మా" అని ఆవిడ బాధపడింది. సాయంత్రం స్టేజీ మీదికి ఎవరెవరినో పిలిచారు. చప్పట్లు వినబడ్డాయి. అప్పటికి మేం దుప్పట్లు మడతపెడుతున్నాం. ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తని తమ్ముడు హాళ్లన్నీ వెతికి అప్పుడే వచ్చి, నాన్న మోకాళ్ల దగ్గర నేల మీద కూర్చుని, ఆ తుపాకుల చప్పుళ్లలో వెక్కివెక్కి ఏడ్చాడు. నాన్న వాడి తల నిమురుతూ, "దొరికాను కదరా, దొరికాను కదా" అంటూ ఉండిపోయాడు.

ఇంటికెళ్లాక అమ్మకి నేనే చెప్పాను. ఆవిడ నమ్మలేదు. నాన్న ఎదురుగా వెళ్లి నుంచుని, చాలాసేపు చూసి, వంటింట్లోకి వెళ్లిపోయింది. మర్నాడు షాపు మానేసి కళ్లాసుపత్రికి తీసుకెళ్లింది. కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయిందంది డాక్టరమ్మ. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోదాంట్లో వెలుతురు జాడ మాత్రం మిగిలింది, చుక్కల మందు తప్పకుండా వేస్తే అది నిలుస్తుంది.

"కిందటేడే తీసుకొచ్చి ఉంటే ఈ కన్ను దక్కేది" అంది డాక్టరమ్మ, మామూలుగా.

తమ్ముడు లేచి బయటికెళ్లిపోయాడు.

ఇంట్లో అమ్మ బద్దలైంది. "ఏడాదిపాటు సోమరిపోతని తిట్టానే! ఒక్కనాడు నోరు విప్పితే ఏంపోయింది? ఆ పాపపు మాటలన్నీ నా చేత ఎందుకనిపించుకున్నారు?"

"తిడుతుంటే బాగుండేది" అన్నాడు నాన్న. "నువ్వు జాలిపడితే తట్టుకోలేనే. పిల్లలు కూడా అంతా వదిలేసి నా చుట్టూ తిరుగుతారు. వాళ్ల ఆట అయ్యాక చూద్దామనుకున్నా."

"ఆట! ఆటకోసం కళ్లు పోగొట్టుకున్న మొనగాడు!" అని అమ్మ నవ్వబోయి ఏడ్చింది.

నాన్నని రెండ్రోజుల్లో క్షమించేసింది గానీ, తమ్ముడితో మాట మానేసింది. వాడి పళ్లెంలో అన్నం పెట్టి, చూడకుండా వెళ్లిపోయేది. వాడు వెనకగది తలుపు మూసేశాడు, కంప్యూటరు ముట్టలేదు. వాడి మీద నా కోపం కూడా చల్లారలేదు. మా ముగ్గురి మధ్యా నాన్న గోడలు తడుముకుంటూ, ఇప్పుడు దాచక్కర్లేదు కాబట్టి బాహాటంగా తడుముకుంటూ, తిరిగేవాడు.

"వాడు నాకిచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. తప్పు అడిగినవాడిది" అన్నాడొకరోజు.

"అడిగేవాడికి బుద్ధి లేకపోతే ఒప్పుకునేవాడికైనా ఉండద్దూ?" అంది అమ్మ.

అలా కొన్ని వారాలు నడిచాయి. నాకు ఒక ఆఫీసులో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం దొరికింది. వేసవి చివరికొచ్చింది. ఒక ఉదయం అమ్మ షాపుకి బయల్దేరుతూ వెనకగది తలుపు తోసింది. చుక్కల మందు సీసా తమ్ముడి అరచేతిలో పెట్టి, వాడి వేళ్లు మూసింది.

"పొద్దునా సాయంత్రం. ఒక్క పూట తప్పావో, నీ సంగతి చూస్తా" అంది.

వాడు తలూపాడు. ఆ సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నాన్న తల వెనక్కి వాల్చి కూర్చుంటే, వాడు ఊపిరి బిగబట్టి చుక్క వేస్తున్నాడు. రాత్రి భోజనాలప్పుడు అమ్మ వాడితో, "ఇంకాస్త వేసుకో" అంది. 

మొదటి వాన పడ్డ ఆదివారం అది. అమ్మ వంటింట్లో గిన్నెలు తోముతోంది. నేనూ తమ్ముడూ చాలా రోజులకి వెనకగదిలో ఒకే బల్ల ముందు కూర్చున్నాం. వీధి తలుపు ఎవరో కొట్టారు. ఇదివరకైతే నాన్న కదిలేవాడు కాదు, "చూడండర్రా ఎవరో" అని పేపరు పైకెత్తుకునేవాడు. ఆ రోజు కుర్చీ కిర్రుమంది. అడుగులు గోడ వెంట తలుపు దాకా వెళ్లాయి. గడియ తీసిన చప్పుడైంది.

"ఎవరండీ?" అన్నాడు నాన్న. ఒక్క క్షణం ఆగాడు. "నాకు కళ్లు కనిపించవు. ఎవరో చెప్పండి."

వంటింట్లో కొళాయి ఆగిపోయింది. తమ్ముడి చెయ్యి కీబోర్డు మీదే ఉండిపోయింది.

"గ్యాసు సిలిండరండీ" అంది బయట గొంతు.

"లోపలికి తీసుకురా బాబూ" అన్నాడు నాన్న, తలుపు బార్లా తెరుస్తూ. "చూసుకుని రా. గడప కొంచెం ఎత్తు."